బొడ్రాయి నుంచి ఎన్ని అడుగులు?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అన్లేదు. ఆ రోజుల్లో ఇల్లు కొనడమనే మాటే తక్కువ. తాత కట్టిన ఇంట్లో తండ్రి, తండ్రి పంచిన వాటాలో కొడుకు... అలా సాగిపోయేది. ఇప్పుడు కొనేవాళ్లే ఎక్కువ. కొనబోయేవాళ్లు అడిగే ప్రశ్నలు మూడు. గజం ఎంత? తూర్పు ముఖమేనా? ముందు రోడ్డు ఎన్ని అడుగులు? ఈ మూడింటికీ నచ్చిన జవాబు దొరికితే చాలు, బయానా జేబులోంచి బయటికొచ్చేస్తుంది.

నాలుగో ప్రశ్న ఒకటుంది. అడిగేవాళ్లు అరుదు. 'ఈ ఇంట్లోంచి కాలినడకన ఎక్కడెక్కడికి వెళ్లి రావచ్చు?' అన్నదే ఆ ప్రశ్న.

ఉదాహరణకు చిట్యాలనే తీసుకుందాం. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారిలో చౌటుప్పల్, పంతంగి టోల్‌గేటు దాటాక వచ్చే ఊరు. ఎల్బీనగర్ నుంచి దాదాపు 65 కిలోమీటర్లు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు పొరుగునున్న చౌటుప్పల్, రామన్నపేట యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్తే, చిట్యాల నల్గొండలోనే ఉండిపోయింది. 2018లో మునిసిపాలిటీ అయింది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు మాత్రం చిట్యాల అంటే హైవేకి అటూ ఇటూ ఉన్న దుకాణాలే. అసలు ఊరు ఆ దుకాణాల వెనక ఉంటుంది.

రిటైరై నగరం రొద నుంచి బయటపడాలనుకునేవాళ్లు, నగరంలో అద్దెలు కట్టలేక కాస్త దూరమైనా సొంతిల్లు చాలనుకునేవాళ్లు, చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయం ఉండి పిల్లల చదువుల కోసం మండల కేంద్రానికి రావాలనుకునేవాళ్లు... ఈ దారి వెంట ఇళ్లు వెతికే కుటుంబాలు ఇవే. వాళ్లముందు రెండు మార్గాలుంటాయి. ఒకటి, ఊరి బయట పొలాల్లో వేసిన వెంచర్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకోవడం. రెండోది, పాత ఊళ్లో సందుల మధ్య ఉన్న ఇల్లు కొని బాగుచేసుకోవడం.

మొదటిదే చాలామందికి నచ్చుతుంది. తప్పేం లేదు. వెడల్పాటి రోడ్లు, ముందు ఆర్చి, చుట్టూ కాంపౌండు, కారు ఇంటిముందు దాకా వస్తుంది. పాత ఊళ్లో అయితే గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. సందులోకి కారు రాదు, సిమెంటు లారీ అసలే రాదు. అయినా ఒక్కసారి ఆ వెంచర్‌లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో ఊహించండి. పొద్దున్నే పాలపాకెట్‌కి బండి తీయాలి. కొత్తిమీర కట్టకి బండి తీయాలి. పిల్లాడి పెన్సిలుకీ బండే. ఆ బండి నడిపే మనిషి డ్యూటీకి వెళ్లిపోతే ఇంట్లో మిగిలినవాళ్లు చెరువు మధ్య దీవిలో ఉన్నట్టే.

బండి రానివాళ్ల కోసం...

మన ఇళ్లలో ప్లాటు చూడ్డానికి వెళ్లేది ఎవరు? బండి నడిపేవాళ్లు. ఆ ఇంట్లో రోజంతా ఉండేది ఎవరు? చాలా కుటుంబాల్లో బండి నడపనివాళ్లు. నాయనమ్మ, తాతయ్య, చిన్నపిల్లలు, స్కూటీ నేర్చుకునే అవకాశం రాని అమ్మ. నిర్ణయం వాళ్లది కాదు, దూరం మాత్రం వాళ్లది. అందుకే ఇల్లు కొనేముందు ఇంట్లో అందరికన్నా తక్కువ దూరం నడవగలిగేది ఎవరో చూడండి. ఆ మనిషి కాళ్లతోనే ఇంటిని కొలవండి.

కొలత కష్టమేం కాదు. మామూలు మనిషి పది నిమిషాల్లో ఎనిమిది వందల మీటర్ల దాకా నడుస్తాడు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు అందులో సగం వేసుకోండి... నాలుగు వందల మీటర్లు. ఆవిడ అడుగుల్లో ఏడెనిమిది వందలు. ఆ దూరంలో కిరాణం ఉందా? మందుల షాపు ఉందా? కూర్చోడానికి ఒక గుడి మెట్టో, వేపచెట్టు కింద గద్దో ఉందా? పిల్లలకు బడి ఎంత దూరం? బస్సు ఎక్కడ ఆగుతుంది? ఈ లెక్క రాసుకుంటే ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది... మీరు చూసింది ఊళ్లో ఇల్లా, ఊరి పేరు పెట్టుకున్న ఇల్లా అన్నది.

ఈ లెక్క మొదలుపెట్టడానికి మనకో చక్కని గుర్తు ఉంది. తెలంగాణ పల్లెకు నడిబొడ్డున బొడ్రాయి ఉంటుంది. మనిషికి బొడ్డెలాగో, ఊరికి బొడ్రాయి అలాగ. ఊరు దాని చుట్టూనే పెరిగింది. అదీ నడిచి వెళ్లగలిగినంత మేరకే పెరిగింది. అప్పట్లో అందరికీ ఉన్న బండి కాళ్లే కదా! బావి, గుడి, మసీదు, కచీరు, అంగడి, కుమ్మరి, కంసాలి, చాకలి... అందరూ ఒకరికొకరు కేకేస్తే వినిపించే దూరంలో ఉండేవాళ్లు. ఇప్పుడు బావి పూడిపోయి ఉండొచ్చు, కచీరు కూలిపోయి ఉండొచ్చు. కానీ ఆ దూరాలు మాత్రం అలాగే ఉన్నాయి. పాత ఊళ్లో ఇల్లు కొంటే మీరు కొనేది గోడల్నే కాదు, ఆ దూరాల్ని కూడా. వాటిని కొత్తగా కట్టించాలంటే ఏ మేస్త్రీ తరం కాదు.

రివర్‌సైడ్ ఏం చెబుతోంది?

ఇదేదో పల్లె మీద మమకారంతో చెబుతున్న మాట కాదు. అమెరికాలో షికాగో పక్కన రివర్‌సైడ్ అని ఓ ఊరుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కును తీర్చిదిద్దిన ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు 1869లో దానికి ప్రణాళిక గీశారు. నడుమ రైల్వేస్టేషన్, చుట్టూ వంపులు తిరిగిన వీధులు, చెట్లు, నడిచేవాళ్లకు దారులు. నగరంలో పనిచేసుకుని రైల్లో ఇంటికొచ్చి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ ఇల్లు చేరాలన్నది ఆలోచన. 1970లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. అధికారికంగా ఇప్పటికీ దాని పేరు 'విలేజ్'!

ఆ తర్వాతి కాలంలో, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అమెరికాలో ఊరి బయట కాలనీలు కారును నమ్ముకుని పెరిగాయి. ఫలితం ఏంటో మన పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల్ని అడగండి. ఆరు నెలలు ఉందామని వెళ్తారు. మూడో వారానికే 'ఎప్పుడొచ్చేద్దామా' అని క్యాలెండరు చూస్తుంటారు. ఇల్లు పెద్దదే, పిల్లలు మంచివాళ్లే... కానీ గడప దాటితే కాలు పెట్టే చోటు లేదు. శని, ఆదివారాలు ఎవరైనా కారులో తిప్పితేనే లోకం. ఇప్పుడు పారిస్‌లాంటి నగరాలు 'పదిహేను నిమిషాల నగరం' అంటూ, అవసరమైనవన్నీ నడక దూరంలోకి తేవాలని తంటాలు పడుతున్నాయి. వాళ్లు వెనక్కి నడుస్తున్న దారిలోనే మనం బండేసుకుని ఎదురెళ్తున్నాం.

హైవే ఏ పక్క?

సరే, పాత ఊరు కదా అని కళ్లు మూసుకుని కొనేయొచ్చా? కుదరదు. చిట్యాలలో మొదట చూడాల్సింది హైవే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే పాత వర్తక దారి నల్గొండ ప్రాంతం గుండానే సాగేది. ఆ బళ్ల దారి వేరు. ఇప్పటి దారి వేరు. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి 2010లో 65వ నంబరుగా మారింది. ఆ తర్వాత నాలుగు వరుసలైంది. ఆరు వరుసలు చేసే ప్రతిపాదన కూడా ఉంది. ఊరి మధ్యలోంచి ఇంత దారి వెళ్తుంటే, పటంలో రెండు వందల మీటర్లున్న బడి కాలికి రెండు కిలోమీటర్లంత దూరమవుతుంది. కాబట్టి మీరు చూసిన ఇల్లు హైవేకి ఏ పక్క, బడి ఏ పక్క, దుకాణాలు ఏ పక్క అన్నది ముందు తేల్చుకోండి. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే రోడ్డు దాటి వెళ్లాల్సిన పరిస్థితి ఉంటే, ఆ ఇల్లు నడక దూరంలో ఉన్నట్టు కాదు. హైవేని ఆనుకున్న ఇల్లయితే, విస్తరణలో ఎంత పోతుందో కూడా ఆఫీసులో వాకబు చేయాలి.

అదే హైవే మేలు కూడా చేస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. బస్సు ఆగే చోటు నడక దూరంలో ఉంటే, అమ్మ ఎవర్నీ అడక్కుండా నార్కట్‌పల్లి పెద్దాస్పత్రికో, నల్గొండలో చెల్లెలింటికో వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంది. ఊరి బయట ప్లాటైతే 'బస్సు దాకా దింపు నాయనా' అని కొడుకు కోసం ఎదురుచూడాలి. ఉచిత బస్సు అందరికీ ఉన్నా, అందేది మాత్రం స్టాపు దాకా నడవగలిగినవాళ్లకే.

రైలూ ఉంది. బీబీనగర్ దగ్గర పగిడిపల్లి నుంచి గుంటూరు వైపు వెళ్లే లైన్లో చిట్యాల ఒక స్టేషను. ఒంటి లైను కాబట్టి ఎదురు రైలు కోసం ఆగాల్సి వస్తుంటుంది. గుంటూరు-బీబీనగర్ రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయితే అన్ని రైళ్లూ చిన్న స్టేషన్లలో ఆగవు. 'రైల్వేస్టేషన్ దగ్గరే సార్' అని ఏజెంటు అంటే సంతోషించి ఊరుకోకండి. ఆగే రైళ్లెన్ని, ఏ వేళకి అన్నది అడగండి. రైలు ఆగని స్టేషను పక్కన ఇల్లుంటే మిగిలేది కూత ఒక్కటే.

నీళ్లు, గాలి

నల్గొండ పేరు ప్రపంచానికి తెలిసింది ఫ్లోరైడు వల్ల. నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందిస్తే, దానికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఆవిష్కరించింది కూడా పక్కనున్న చౌటుప్పల్‌లోనే. నల్లా నీళ్లు వస్తున్నా, ఇంట్లో బోరు ఉందంటే పరీక్ష చేయించాల్సిందే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణాలు చెబుతున్నాయి. కాచి తాగితే సరిపోతుంది కదా అనుకోకండి. కాస్తే క్రిములు పోతాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది.

గాలి సంగతీ అంతే. చౌటుప్పల్ నుంచి చిట్యాల దాకా హైవే వెంట రసాయన, మందుల పరిశ్రమలున్నాయి. పగలు ఇల్లు చూసి వచ్చేస్తే ఏమీ తెలీదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేయండి. రాత్రి రెండింటికి ఎలా ఉంది? తెల్లారి ఎలా ఉంది? లారీల హారన్లు ఎంత వినిపిస్తున్నాయి? ఆ ఒక్క రాత్రి ఖర్చు ఒక సీసా మిఠాయిపొడి అంత కూడా ఉండదు. చెప్పే నిజం మాత్రం బ్రోచర్లో దొరకదు.

గోడను తట్టి చూడండి

పాత ఇల్లంటే చాలామందికి కూల్చేయాల్సిన ఇల్లనే లెక్క. తొందరపడొద్దు. మూరెడు మందం మట్టిగోడ, పైన పెంకు, కింద షాబాదు బండలు ఉన్న ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఒక గంట కూర్చోండి. స్లాబు ఇంటికీ దానికీ తేడా ఒళ్లే చెబుతుంది. నడుమ వాకిలి ఉన్న భవంతి ఇల్లయితే గాలికీ వెలుతురుకూ లోటుండదు.

అయితే చూడాల్సినవీ ఉన్నాయి. దూలాలను, వాసాలను తట్టి చూడండి. బోలు చప్పుడు వస్తే లోపల చెదలు కాపురం పెట్టినట్టు. గోడ మొదట్లో చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కింది? వానాకాలంలో వాకిట్లో నీళ్లు ఎటు పోతాయి? మోరీ ఉందా, ఉంటే పారుతోందా? పక్కింటికీ మీకూ గోడ ఒకటేనా? ఒకటే అయితే రేపు దాన్ని ఎత్తాలన్నా, పడగొట్టాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. 108 బండి ఎంత దగ్గరికి రాగలదు? మంచం మీద మనిషిని అక్కడిదాకా ఎంతసేపట్లో మోసుకెళ్లొచ్చు? బాత్‌రూమ్ ఇంటి వెనక దొడ్లో ఉంటే, రాత్రిపూట పెద్దవాళ్లు వెళ్లేలా లోపలికి తేవడానికి చోటుందా? ఇవన్నీ మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి, ఖర్చు లెక్క రాయించుకున్నాకే బేరం మాట్లాడాలి. ఇంటి ధరకు బాగుచేసే ఖర్చు కలిపితేనే అసలు ధర.

ఎవరెవరు సంతకం పెట్టాలి?

పాత ఇంటికి అసలు చిక్కు గోడల్లో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. ఊరి నడుమ ఉన్న ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. పొలానికున్నట్టు వీటికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, ఇంటి నంబరు, కరెంటు బిల్లు, పాత దస్తావేజు, నాలుగు దిక్కుల హద్దులు... ఇవే ఆధారం. ఊరు మునిసిపాలిటీ అయ్యాక ఇంటి నంబరు మారిందేమో చూసుకోవాలి. పాత దస్తావేజుల్లో తాలూకా పేరుంటే, 1985 తర్వాతివాటిలో మండలం పేరుంటుంది. పేర్లు మారినా హద్దులు కలవాలి. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. నిషేధిత ఆస్తుల జాబితాలో ఇల్లు లేదని కూడా రూఢి చేసుకోవాలి.

'తెల్లకాగితం మీద రాసుకున్నాం, పెద్దమనుషులు సంతకాలు పెట్టారు, నలభై ఏళ్లుగా మేమే ఉంటున్నాం' అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సాదాబైనామా. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెప్పింది. ఉత్త జీపీఏ మీద అమ్మితే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఇలాంటి కాగితాలకు బ్యాంకులు కూడా అప్పివ్వడానికి వెనకాడతాయి. ఇల్లు ఎంత నచ్చినా సరే, వాళ్లు ముందు తమ హక్కు సరిచేసుకున్నాకే బేరం కుదుర్చుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి... ఆడబిడ్డల సంతకం. 'మా చెల్లెళ్లకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం అన్నా, వాళ్లతో పనిలేదు' అంటారు అమ్మే అన్నదమ్ములు. పని ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1985లోనే చట్టం వచ్చింది. అయితే అది అప్పటికి పెళ్లికానివాళ్లకే వర్తించింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. తాత కట్టిన ఇంటికి వారసులు ఎక్కడెక్కడో ఉంటారు. ఒకరు సూరత్‌లో, ఒకరు భీవండిలో, ఒకరు గల్ఫ్‌లో. వంశవృక్షం రాయించుకుని, ఒక్కో పేరు ఎదుట ఒక్కో సంతకం వచ్చాకే మిగతా డబ్బు చేతులు మారాలి. ఇది అమ్మేవాళ్ల మీద అనుమానం కాదు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఇవ్వాల్సిన మర్యాద.

వెంచర్ ప్లాటు కొనేవాళ్లకూ పరీక్షలున్నాయి. లేఅవుట్‌కు అనుమతి ఉందా? పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చారా? 2016 నాటి రెరా చట్టం కింద నమోదైందా? అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020లో ఆపేసినప్పుడు ఎన్ని కుటుంబాలు ఇరుక్కున్నాయో అందరం చూశాం. ఎటు కొన్నా రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లెక్కలో ఉంచుకోండి. 2021 జులైలో అది 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది. కొనే రోజున ఎంతుందో కనుక్కుని వెళ్లండి.

ఇల్లు కాదు, వాడ

పాత ఊరిని మెచ్చుకుంటూ ఒక మాట దాచేస్తే అది నిజాయతీ కాదు. మన ఊళ్లలో వాడలు కులాల లెక్కన ఏర్పడ్డాయి. బొడ్రాయికి దగ్గర ఎవరు, దూరం ఎవరు అన్నది అడుగులే చెబుతాయి. మునిసిపాలిటీ బోర్డు వచ్చినంత మాత్రాన ఆ గీతలు చెరిగిపోవు. ఇల్లు చూసేటప్పుడు 'ఏ ఊరు బిడ్డా మీది?' అని పలకరించే అవ్వ మాటలో ఆప్యాయత ఉంటుంది. ఆ తర్వాత వచ్చే 'మీరేంట్లు?' అనే ప్రశ్నలో ఇంకేదో ఉంటుంది. 'ఈ వాడలో బయటివాళ్లకు అమ్మం' అనే మాట ఎదురైతే, దాన్ని ఊరి కట్టుబాటని సర్దిచెప్పకండి. ఎవరైనా కొనుక్కుని, ఎవరైనా నడిచివెళ్లగలిగినప్పుడే అది నడవదగిన ఊరు. ఇల్లు అమ్మేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. కాగితాలు సరిగా ఉండి డబ్బు తెచ్చినవాళ్లు ఎవరైనా కొనుగోలుదారే.

ఇరుగుపొరుగుతో నాలుగు మాటలు కలపడం కూడా కొనుగోలులో భాగమే. పండక్కి చందా ఇవ్వాలి. పక్కింట్లో చావుకి వెళ్లి నిలబడాలి. వాకిట్లో బతుకమ్మ ఆడేరోజున స్కూటర్ పక్కకు పెట్టాలి. ఇవి భారమనుకునేవాళ్లకు కాంపౌండు గోడల మధ్య ప్లాటే మంచిది. సాయంత్రం తలుపు తీస్తే మనిషి కనిపించాలనుకునేవాళ్లకు పాత ఊరే మంచిది. ఎవరు ఏ రకమో కొనేముందే తేల్చుకుంటే తర్వాత ఇద్దరికీ సుఖం.

ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కారు ఊరి బయటే ఆపండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడవనివ్వండి. వెనకాలే మీరు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. గజాల లెక్క ఇల్లు అమ్మే రోజున పనికొస్తుంది. అడుగుల లెక్క మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.